కాగితం మీద ఊపు

మా పై అంతస్తులో ఒక అమ్మాయి పియానో నేర్చుకుంటోంది. పియానో అంటే అసలు పియానో కాదు, ఎలక్ట్రిక్ కీబోర్డు. హైదరాబాదు అపార్టుమెంట్లలో లిఫ్టులో పట్టేదీ, పక్కవాళ్లు ఓర్చుకోగలిగేదీ అదే. గ్రేడు పరీక్ష దగ్గర పడినట్టుంది, కొన్నాళ్లుగా సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మూడు ముక్కలు వరసగా మా కప్పులోంచి కిందికి దిగుతున్నాయి. రెండు పాతకాలపు యూరోపియన్ ముక్కలు, ఒకటి జాజ్ తరహాది. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మూడోదే ఎక్కడో గుచ్చుకుంటోంది. స్వరాలు సరిగ్గానే పడుతున్నాయి, కాలం తప్పడం లేదు, అయినా పాట కూర్చున్న చోటినుంచి లేవదు. సరే, పిల్ల కదా అనుకున్నాను. ఇంతలో ఒకరోజు అదే అమ్మాయి చెత్త సంచీ పట్టుకుని మెట్లు దిగుతూ అదే ముక్కను కూనిరాగం తీస్తూ పోయింది. అందులో అన్నీ ఉన్నాయి! మొదటి స్వరం కాస్త సాగింది, రెండోది ఆలస్యంగా వచ్చి తర్వాతదాన్ని ముందుకు తోసింది, దానితోపాటు భుజమూ కదిలింది. గొంతులో ఉన్నది వేళ్లలోకి ఎందుకు దిగలేదు? మధ్యలో అడ్డం పడిందేమిటి? కాగితమేనా?

వాళ్లమ్మనడిగి ఆ పుస్తకం తెప్పించుకుని చూశాను. పేజీ నెత్తిన స్వింగ్ అని రాసి, పక్కన చిన్న సమీకరణం వేశారు. రెండు సమానమైన స్వరాలు కనిపిస్తే వాటిని సమానంగా వాయించవద్దట. ఆ కాలాన్ని మూడు భాగాలు చేసి, మొదటిదానికి రెండు, రెండోదానికి ఒకటి ఇవ్వాలట. మన లెక్కలో తిశ్రమన్నమాట. అచ్చులో ఎంత శుభ్రంగా ఉందో చెవికి అంత అబద్ధం. జాజ్ వాళ్లు వాయించేటప్పుడు ఆ రెండూ ఒకటీ లెక్క ఎక్కడా నిలవదు. నెమ్మది పాటలో మొదటి స్వరం మూడింతలకు పైగా కూడా సాగుతుంది. వేగం పెరిగేకొద్దీ తేడా తరిగిపోయి రెండూ దాదాపు సమానమవుతాయి. డ్రమ్ము మీద సింబల్ కొట్టేవాడు ఒక పాలు పాటిస్తే, అదే క్షణంలో శాక్సఫోన్ ఊదేవాడు మరో పాలు పాటిస్తాడు. ఆ ఇద్దరి మధ్య ఎడంలోనే ఊపంతా ఉంటుంది. దాన్ని కాగితం మీద పెట్టమంటే ఎవరైనా ఏం చేస్తారు, పాపం? ఓ సమీకరణం వేసి ఊరుకుంటారు. నా సందేహం అక్కడ మొదలైంది. ఇంత మాత్రానికే చేతులెత్తేసే రాతను నమ్ముకుని, నూరేళ్లుగా కొందరు పెద్ద పెద్ద స్వరకర్తలు జాజ్‌ను చేంబర్ మ్యూజిక్‌లోకి ఎలా తెచ్చారు? ఇద్దరు, ముగ్గురు, నలుగురు ఒక గదిలో కూర్చుని, కర్ర ఊపే కండక్టరు లేకుండా, ఒకరి ఊపిరి ఒకరు వింటూ వాయించే సంగీతం అది. అక్కడ దాక్కోవడానికి చోటు ఉండదు. వాళ్లు తెచ్చింది జాజేనా, దాని చిరునామా మాత్రమేనా?

రాయడానికీ వాయించడానికీ మధ్య ఈ జగడం జాజ్‌తో పుట్టింది కాదు. ఫ్రాన్స్వా కూప్రాన్ 1716లో హార్ప్సికార్డ్ గురించి రాసిన పుస్తకంలో, మేం ఫ్రెంచివాళ్లం రాసేదొకటి వాయించేదొకటి, అందుకే పరాయి దేశాలవాళ్లు మా సంగీతాన్ని సరిగా వాయించలేకపోతున్నారు అన్న అర్థంలో వాపోయాడు. ఆ రోజుల్లో అక్కడ సమానంగా రాసిన స్వరాలను అసమానంగా, ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా వాయించడం మర్యాద. న్యూ ఆర్లీన్స్‌లో జాజ్ పుట్టడానికి రెండు శతాబ్దాల ముందు! మన సంగతి చెప్పనే అక్కర్లేదు. సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో కూర్చుని, 1904లో తెలుగులో అచ్చు వేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెరిస్తే స్వరాల నెత్తిన గీతలే గీతలు. జారు పైకెక్కితే ఒక వాలు గీత, దిగితే ఎదురు వాలు గీత, కంపితానికి అలల గీత. ఆ గ్రంథం వెనక ఉన్న చిన్నస్వామి మొదలియార్‌ది ఇంకా పెద్ద ఆశ, మన కీర్తనల్ని యూరోపియన్ స్టాఫ్ నొటేషన్‌లోకి ఎక్కించాలని. ఆ పేజీలు చూస్తే గౌరవంతో పాటు జాలి కూడా కలుగుతుంది నాకు. అన్ని గీతలు గీసినా, విద్వాంసులు చివరికి చెప్పేది గురువుగారి దగ్గర కూర్చోమనే కదా. అయినా ఆ గీతలే లేకపోతే ఎన్ని కృతులు మనదాకా వచ్చేవి? రాతను తిట్టుకునేటప్పుడు ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి. నేనే మరిచిపోతుంటాను.

ఫ్రెంచి స్వరకర్త రావెల్ వయొలిన్ సొనాటాకు నా ఆలోచన మళ్లీ మళ్లీ వెళ్లేది అందుకే. 1923లో మొదలుపెట్టి 1927లో గాని పూర్తి చేయలేదు మహానుభావుడు. ఇద్దరు వాయించే ముక్కకు నాలుగేళ్లు! ఆ ఏడాది మే నెలాఖరున పారిస్‌లో జార్జ్ ఎనెస్కు వయొలిన్, రావెల్ పియానో పట్టి మొదటిసారి వినిపించారు. మూడు భాగాల్లో నడిమిదానికి పేరే ‘బ్లూస్’. తమాషా ఏమిటంటే అప్పటికి ఆయన అమెరికాలో అడుగే పెట్టలేదు, వెళ్లింది 1928లో. స్వరకర్త గెర్ష్విన్‌ను కలవడం, న్యూయార్క్ హార్లెంలో జాజ్ వినడం, మీ జాజ్‌ను మీరే లక్ష్యపెట్టడం లేదేమని అమెరికన్లకు చెప్పి రావడం అన్నీ ఆ తర్వాతి కథలు. ఆయన బ్లూస్ నేర్చింది పారిస్ రాత్రి క్లబ్బుల్లో, అంటే పొగలో, గ్లాసుల చప్పుడులో. కానీ రాసింది విన్నారా? వయొలిన్ ఒంటరిగా, విల్లు పక్కనపెట్టి, వేళ్లతో తీగలు మీటుతూ మొదలుపెడుతుంది. బాంజో మీటినట్టే, కాకపోతే కాస్త బిడియంగా. అది జి మేజర్. ఈ మీటుడు కుదురుకున్నాక పియానో వచ్చి కూర్చుంటుంది. ఎక్కడా? ఎ ఫ్లాట్‌లో. అర స్వరం ఎడం! వయొలిన్ కాగితం మీద ఒక షార్ప్ గుర్తు, పియానో కాగితం మీద నాలుగు ఫ్లాట్ గుర్తులు. ఒకే పాటలో ఇద్దరికీ ఆధార షడ్జమం ఒకటి కాదు. మన కచేరీలో తంబురా ఒక శ్రుతిలో, గాయకుడు మరో శ్రుతిలో ఉంటే సభ లేచిపోతుంది. ఇక్కడ మాత్రం ఆ ఒరిపిడిలోనే పాట నిలబడుతుంది.

మొదటిసారి విన్నప్పుడు ఆ రాపిడి నాకు పట్టనే లేదు, వయొలిన్ విల్లందుకుని తీసే పాట మీదే ధ్యాస. ఆ పాట దగ్గర రావెల్ ‘నోస్టాల్జికో’ అని రాశాడు, స్వరానికీ స్వరానికీ నడుమ జారమని గీతలు గీశాడు. త్యాగరాజును విన్న చెవికి ఆ జారులు కొత్తేమీ కావు, పాతచుట్టాలే. కానీ పోనుపోను నన్ను పట్టి ఉంచింది జారు కాదు, ఆ జారుకు పియానో ఇచ్చే జవాబు. పియానో జారలేదు. దానికున్నవి పన్నెండు మెట్లే, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏమీ లేదు. బ్లూస్ పాడేవాడు గాంధారాన్ని సాధారణానికీ అంతరానికీ నడుమ ఎక్కడో వంచి నిలబెడతాడు, వయొలిన్ అక్కడికి పోగలదు, పియానో పోలేదు. పోలేక రెండు మెట్లనూ ఒకేసారి నొక్కుతుంది, గరగరమంటుంది. ఈ రెండు వాద్యాలూ స్వభావరీత్యా పొసగనివని రావెల్ నమ్మకం. ఆ పొసగనితనాన్ని కప్పిపుచ్చకుండా దాన్నే వాడుకున్నాడు. రెండు సంగీతాల మేళవింపు అనగానే మనం పాలూనీళ్లూ కలిసిపోవాలని ఎందుకు కోరుకుంటాం? అతుకు కనపడనివ్వడం కూడా ఒక పనితనమే కదా. ఈ ముక్క విన్నప్పుడల్లా నాకు అదే అనిపిస్తుంది. అనిపించడమేనా, నిజమా అంటే, ఎదురు సాక్ష్యాలు కూడా ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను.

మరో ఫ్రెంచి స్వరకర్త డారియస్ మియో అంత బిగువు మనిషి కాదు. 1922లో హార్లెం వెళ్లి విన్నాడు, మరుసటేడు అక్టోబరులో ‘లా క్రేయాసియోఁ ద్యు మోంద్’ అనే బ్యాలే పారిస్ రంగస్థలం మీద ఉంది. చిన్న వాద్యబృందం, వయోలా ఉండాల్సిన చోట శాక్సఫోన్, నడుమ ఒక జాజ్ ఫ్యూగ్. ఆ తర్వాత దాన్నే పియానోకూ నాలుగు తంత్రీవాద్యాలకూ కుదించి తనే రాసుకున్నాడు. నాజీలు వచ్చాక అమెరికా పారిపోయి కాలిఫోర్నియాలో మిల్స్ కాలేజీలో పాఠాలు చెప్పుకున్నాడు. అక్కడ, యుద్ధం ముగిసి సైన్యంలోంచి వచ్చిన జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ ఆయన శిష్యుడయ్యాడు. కొడుక్కి గురువుగారి పేరు డారియస్ అని పెట్టుకున్నాడు. హార్లెంలో మొదలైన దారి పారిస్ చుట్టి మళ్లీ అమెరికా జాజ్‌లోకే వచ్చి కలిసింది. చెప్పుకోవడానికి ఎంత బావుందో!

అంత బావున్నందుకే నాకు అనుమానం. ఆ దారికి సుంకం కట్టిందెవరు? పారిస్‌కు ఆ ఊపు మోసుకొచ్చినవాళ్లలో మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు వచ్చిన నల్లజాతి సైనికుల బ్యాండ్లున్నాయి, జేమ్స్ రీస్ యూరప్ నడిపిన 369వ రెజిమెంటు బ్యాండు లాంటివి. రాగ్‌టైం స్వరకర్త స్కాట్ జాప్లిన్ ‘ట్రీమోనిషా’ అని ఏకంగా ఆపెరా రాసి 1911లో అచ్చు వేయించుకుంటే, ఆయన బతికుండగా అది సరైన ప్రదర్శనకు నోచుకోలేదు. పులిట్జర్ గౌరవం అందింది 1976లో, అప్పటికి ఆయన పోయి దాదాపు అరవయ్యేళ్లు. 1965లో డ్యూక్ ఎల్లింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వమని జ్యూరీ సిఫారసు చేస్తే పులిట్జర్ బోర్డు కాదు పొమ్మంది. పారిస్ స్వరకర్త జాజ్‌ను తెచ్చుకుంటే ఆధునికుడు, హార్లెం వాద్యకారుడు సొనాటా కట్టుకుంటే ఎవరు పిలిచారు నిన్ను అన్న చూపు. రెండు సంగీతాలు కలిశాయని ఊరికే అనేస్తాం గాని, ఒకటి ముందు గుమ్మంలోంచీ ఒకటి పెరటి దారినా వచ్చాయి. రావెల్ బ్లూస్ వింటూ ఇదంతా తలుచుకుంటే పాట చెడుతుందా? చెడదు. కానీ ఆ బాంజో మీటుడు మరికాస్త బరువుగా వినిపిస్తుంది.

కలపడమే నేరమైన కాలం కూడా ఒకటి గడిచింది. ప్రేగ్‌లో పుట్టిన యూదు స్వరకర్త ఎర్విన్ షుల్హోఫ్ నాలుగు తంత్రీవాద్యాలకు ఐదు నాట్యముక్కలు రాసి మియోకు అంకితమిచ్చాడు. 1930లో శాక్సఫోన్‌కూ పియానోకూ ‘హాట్ సొనాటా’ రాశాడు. 1938లో నాజీలు డ్యూసెల్‌డార్ఫ్‌లో పతిత సంగీతమంటూ ప్రదర్శన పెట్టి, గోడపత్రిక మీద శాక్సఫోన్ ఊదే నల్లవాడి వెక్కిరింపు బొమ్మ వేసి, వాడి కోటు మీద యూదుల నక్షత్రం తగిలించారు. ద్వేషానికి కూడా మేళవింపు తెలుసన్నమాట. షుల్హోఫ్ 1942లో బవేరియాలోని వ్యూల్ట్స్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో క్షయతో పోయాడు. ఆ ‘హాట్ సొనాటా’ వినండి, వీలైతే రాత్రిపూట. కాస్త గడుసుగా, కాస్త వయ్యారంగా ఊగుతుంది, ముందు రాబోయేది తెలియని ఊపు.

ఇక ఇందాక చెప్పిన ఎదురు సాక్ష్యం. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య అప్పుడప్పుడూ ఎల్పీ రికార్డులు కూడా కనపడేవి. అలా దొరికింది నాకు క్లాడ్ బోలింగ్ ‘సూట్ ఫర్ ఫ్లూట్ అండ్ జాజ్ పియానో’. అట్ట మీద ఫ్లూటూ పియానో ఒకే మంచం ఎక్కిన బొమ్మ. అట్ట చూసే కొన్నానని ఒప్పుకోవడానికి నామోషీ ఏముంది? ఫ్లూట్ వాయించింది జాన్ పియేర్ రాంపాల్, ఆ తరంలో అంతటివాడు లేడు. పియానో బోలింగ్ స్వయంగా, వెనక బాసూ డ్రమ్సూ. 1975లో వచ్చిన ఆ రికార్డు అమెరికాలో క్లాసికల్ అమ్మకాల పట్టీలో పదేళ్లకు పైగా కదలకుండా కూర్చుంది. మొదటి భాగం పేరు ‘బరోక్ అండ్ బ్లూ’. పేరులోనే ఒప్పందమంతా ఉంది. ఫ్లూట్ బాఖ్ కాలపు మర్యాదతో ఒక మాట అంటుంది, పియానో ఆ మాటనే అందుకుని ఊపుతుంది, మళ్లీ ఫ్లూట్, మళ్లీ పియానో. పెళ్లిలో వియ్యాలవారిలా ఒకరినొకరు ముందు మీరంటే ముందు మీరనుకుంటూ ఉంటారు. ఎవరూ ఎవరి విస్తట్లోనూ చెయ్యి పెట్టరు. రావెల్ పక్కన పెడితే ఇది మరీ సుఖమైన సంగీతమని ముక్కు విరిచే విమర్శకులున్నారు. నేనూ ఆ జట్టులో చేరదామనుకుంటాను. తీరా ఆదివారం ఉదయం దోసెలు పోసే వేళ ఇంట్లో మోగేది బోలింగే, రావెల్ కాదు. అతుకు కనబడాలన్న నా సిద్ధాంతం వంటింటి గుమ్మం దాటి లోపలికి రాదు. సుఖంగా ఉన్నంత మాత్రాన సంగీతం తక్కువదైపోతుందా? దీనికి నా దగ్గర జవాబు లేదు, దోసెలు మాత్రం ఉన్నాయి.

మేళవింపు స్వరకర్త బల్ల మీదే జరుగుతుందని అనుకుంటాం. ఒక్కోసారి వాద్యకారుడి పెదవి మీద జరుగుతుంది. క్లారినెట్ వాద్యకారుడు బెనీ గుడ్‌మన్ 1938 జనవరిలో న్యూయార్క్ కార్నెగీ హాల్లో స్వింగ్ కచేరీ చేసి ఆ హాలును ఊపేశాడు, అదే ఏడు బుడాపెస్ట్ క్వార్టెట్‌తో కూర్చుని మోజార్ట్ క్లారినెట్ క్వింటెట్ రికార్డు చేశాడు. అదే ఏడు, వయొలిన్ విద్వాంసుడు యోజెఫ్ సిగెటి మధ్యవర్తిగా, హంగేరీ స్వరకర్త బేలా బార్తోక్ చేత తనకో ముక్క రాయించుకున్నాడు. సిగెటి అడిగింది గ్రామఫోన్ రికార్డుకు చెరోవైపూ సరిపోయేటట్టు రెండు చిన్న భాగాలు. బార్తోక్ ఇచ్చింది మూడు భాగాల ‘కాంట్రాస్ట్స్’. స్వింగ్ మహారాజు కోసం రాసిన ఆ ముక్కలో జాజ్ వెతికితే ఎక్కడో తళుక్కుమంటుందంతే. మొదటి భాగం హంగేరీలో ఊళ్లల్లో కుర్రాళ్లను సైన్యంలో చేర్చుకునేటప్పుడు ఆడించిన ఆట, వెర్బుంకోష్. కానీ ఆ భాగం మొదట్లో వయొలిన్ తీగలు మీటుతుందే, ఆ ఆలోచన రావెల్ బ్లూస్ నుంచి వచ్చిందని సిగెటి చెప్పాడు. బాంజోను అమెరికాకు తెచ్చింది ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్లు. అక్కడినుంచి పారిస్ క్లబ్బుకు, క్లబ్బులోంచి రావెల్ కాగితానికి, ఆ కాగితంలోంచి హంగేరీ సిపాయిల ఆటలోకి, ఆ ఆటలోంచి చికాగోలో పుట్టిన ఒక యూదు కుర్రాడి చేతికి. ఒక మీటుడు ఇన్ని చేతులు మారింది! గుడ్‌మన్ అక్కడితో ఆగలేదు. ప్రపంచమంతా పేరొచ్చాక, నలభై ఏళ్ల వయసు దాకా వచ్చాక, రెజినాల్డ్ కెల్ అనే క్లాసికల్ విద్వాంసుడి దగ్గర శిష్యరికం చేసి పెదవి పట్టును మొదటినుంచి మార్చుకున్నాడు. ఆ తర్వాత ఆయన జాజ్‌లో పాత వేడి తగ్గిందని గొణిగినవాళ్లున్నారు. ఉంటుంది మరి. పెదవి ఒక్కటే కదా, రెండు భాషలకు రెండు పెదవులు ఉండవు.

రెండు సంగీతాలనూ కలిపే ఈ పనికి పేరు పెట్టినవాడు గంథర్ షుల్లర్. మెట్రోపాలిటన్ ఆపెరాలో హార్న్ ఊదుతూనే మైల్స్ డేవిస్ ‘బర్త్ ఆఫ్ ద కూల్’ రికార్డింగులోనూ కూర్చున్నవాడు. 1957లో బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఉపన్యసిస్తూ థర్డ్ స్ట్రీమ్ అన్నాడు, రెండు ఏరులు కలిసిన మూడోది. ఇంప్రొవైజేషన్ లేకపోతే అది థర్డ్ స్ట్రీమ్ కాదని ఆయన పట్టు. పేరు పెట్టగానే రెండు ఒడ్లవాళ్లూ కలిసి ఆయన మీద పడ్డారు. మోడర్న్ జాజ్ క్వార్టెట్ అప్పటికే పేరేమీ లేకుండా ఆ పని చేసేస్తోంది. నలుగురు నల్ల సూట్లేసుకుని వచ్చి, జాన్ లూయిస్ కట్టిన ఫ్యూగ్‌లు వాయిస్తుంటే, మధ్యలో మిల్ట్ జాక్సన్ వైబ్రఫోన్ మీద బ్లూస్ అందుకునేవాడు. లూయిస్ గీసిన గళ్లలో జాక్సన్ ఇమడలేదు అంటారు. ఇమడకపోవడం వల్లనే కదా ఇప్పటికీ వింటున్నాం!

షుల్లర్ పట్టు గురించి ఆలోచించినప్పుడల్లా మన పాలకొల్లు కుర్రాడు గుర్తొస్తాడు. ఉప్పలపు శ్రీనివాస్ 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో మాండొలిన్ వాయించాడు. అక్కడివాళ్లకు నచ్చాలని ఆయన జాజ్ వాయించలేదు, రాగాన్ని రాగంగానే విప్పాడు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ రిమెంబర్ శక్తి బృందంలో గిటారుతో మాటకు మాట చెప్పేటప్పుడు కూడా అంతే. జాజ్ చెవికి కర్ణాటక సంగీతం అంత చప్పున అందడానికి కారణం శ్రుతులు కాదు, స్వరస్థానాలూ కాదు, మనోధర్మమే అనుకుంటాను. ఇద్దరికీ ఎదుటివాడు ఇప్పుడేమంటాడో తెలియదు. ఆ తెలియనితనం ఉమ్మడి. యూరోపియన్ క్లాసికల్ దాన్ని మధ్యలో ఎక్కడో పారేసుకుంది. మోజార్ట్ తన కాన్చెర్టోల్లో కాడెంజాలు, అంటే వాద్యకారుడు ఒంటరిగా వాయించే ఘట్టాలు, అక్కడికక్కడే అల్లుకునేవాడు. బేతొవెన్ 1809 నాటి ఐదో పియానో కాన్చెర్టో దగ్గరికొచ్చేసరికి, ఇక్కడ నీ సొంత కాడెంజా వద్దు, నేను రాసింది వాయించు అని కాగితం మీద కట్టడి చేశాడు. జాజ్ వచ్చి ఆ తలుపు మళ్లీ తట్టిందని చెబితే కథ అందంగా ఉంటుంది. కానీ తలుపు తీసినవాళ్లలో చాలామంది జాజ్‌ను లోపలికి పిలిచి, ముందు దాన్నే రాసిపెట్టుకున్నారు కదా?

జాజ్ వాయించబోయే నలుగురు తంత్రీవాద్యకారుల కష్టం వేరు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. డ్రమ్ము లేదు, బాసు లేదు. ఊపు ఎక్కడినుంచి వస్తుంది? చెల్లో విల్లు పక్కన పెట్టి అడుగు తర్వాత అడుగుగా మీటితే బాసు సరి. మరి డ్రమ్ము? దీనికి జవాబు జాజ్ నుంచీ రాలేదు, క్లాసికల్ నుంచీ రాలేదు, అమెరికా కొండప్రాంతాల బ్లూగ్రాస్ నుంచి వచ్చింది. 1960లలో బిల్ మన్రో బ్యాండులో ఫిడిలు వాయించే రిచర్డ్ గ్రీన్ కనిపెట్టిన కిటుకు, చాప్ అంటారు. విల్లును చేతిపిడి దగ్గర పట్టుకుని తీగ మీద నిలువుగా దించుతారు. స్వరం పలకదు, చప్పుడు పలుకుతుంది. విల్లు లేచేటప్పుడు ఇంకో గీరుడు. విల్లుకు పూసిన రోజిన్ పొడి తెల్లగా రాలుతుంది. డెరాల్ ఆంగర్ దాన్ని 1985లో మొదలైన టర్టిల్ ఐలండ్ స్ట్రింగ్ క్వార్టెట్‌లోకి తెచ్చాడు. ఇప్పుడు కుర్ర క్వార్టెట్లు చాలా దాన్ని నేర్చుకుంటున్నాయి, స్వరకర్తలు గుండ్రటి స్వరం బదులు ఇంటూ గుర్తు పెట్టి రాస్తున్నారు. ముందు చేతినుంచి చేతికి, ఆ తర్వాతే కాగితానికి. దగ్గరినుంచి చూస్తే మణికట్టు పెద్దగా కదిలినట్టే ఉండదు, పలికే చప్పుడు మాత్రం స్నేర్ డ్రమ్ము మీద పడ్డట్టే ఉంటుంది.

ఇక నికొలాయ్ కపుస్తిన్. రాత మీద నా అనుమానాలన్నింటినీ ఆయన ఒక్కడే తలకిందులు చేస్తాడు. 1937లో ఉక్రెయిన్‌లో పుట్టి, మాస్కో కన్సర్వేటరీలో చదివి, ఆపైన పదేళ్లకు పైగా ఒలెగ్ లుండ్‌స్ట్రెం జాజ్ బ్యాండులో పియానో వాయించాడు. ఆయన ముక్కలు వింటే జాజ్ పియానిస్టు ఆస్కార్ పీటర్సన్ ఎదురుగా కూర్చుని అల్లేస్తున్నట్టు ఉంటుంది. ఒక్క స్వరం కూడా అప్పటికప్పుడు పుట్టింది కాదు, అంతా రాసిపెట్టిందే. తాను జాజ్ వాద్యకారుణ్ణి కాననీ, ఇంప్రొవైజేషన్ మీద తనకు ఆసక్తి లేదనీ ఆయనే చెప్పుకున్నాడు. 1984 నాటి ఎనిమిది కాన్సర్ట్ ఎట్యూడ్లలో ఒకటి మా మావయ్యకు వినిపించాను. మావయ్య అంటే అమ్మకు పెదనాన్న కొడుకు, మృదంగం వాయిస్తారు, ఇప్పుడు కచేరీలు తగ్గించుకున్నారు. కళ్లు మూసుకుని విన్నారు. “వీడెవడ్రా, ఇంత కుదురుగా అల్లుతున్నాడు?” అన్నారు. అల్లడం కాదు మావయ్యా, రాసుకున్నదే అంటే నమ్మలేదు. స్కోరు తెర మీద కదిలే వీడియో పెట్టి చూపించాను. నల్లటి చీమల బారుల్లోకి కాసేపు చూశారు. ఇక జాజ్ కాదు పొమ్మంటారని నేను కాచుకుని ఉన్నాను, నా సిద్ధాంతానికి ఆసరా దొరుకుతుందని. ఆయన అన్నది వేరు. “మా ముక్తాయింపులు మాత్రం సభలో పుట్టాయిట్రా? ఇంట్లో కట్టుకుని జేబులో పెట్టుకుపోయేవే. కాకపోతే పాడేవాడు ఒక్క అక్షరం జరిగాడనుకో, కట్టుకున్నది అవతల పారేసి ఇంకోటి అందుకోవాలి. వీడికి జరగడానికి పక్కన ఎవడూ లేడు, అదీ తేడా.”

కపుస్తినే రాసిన స్ట్రింగ్ క్వార్టెట్ ఒకటుంది, 1998 నాటిది, అందులో నలుగురుంటారు అన్నాను. అయితే అది పెట్టమన్నారు. పెట్టాను. తొడ మీద తాళం వేయబోయి, సమం చేతికి చిక్కక రెండుసార్లు చెయ్యి తీసేశారు. తర్వాత కదలకుండా విన్నారు. నడుమ ఒకచోట చటుక్కున ముందుకు వంగి, “మధ్యన మోగుతున్న ఆ వాద్యం ఏమిట్రా, వయొలిన్ కంటే బొంగురుగా?” అనడిగారు. వయోలా అని చెప్పాను. “వాడు కాలాన్ని వెనక్కి లాగుతున్నాడు, కిందివాడు ఒప్పుకోవట్లేదు. అది కూడా రాసిపెట్టిందేనా?” స్కోరు నా దగ్గర లేదు, వెతుకుదామని ఫోను అందుకోబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. “ఉండు, ఆపకు. ఎవడు దారికొస్తాడో చూద్దాం.”